ఎవర్‌గ్లేడ్స్‌లో మికసూకీల చెంత: చూడదగినవి, బస, ప్రయాణం

మయామి నుంచి టామియామి ట్రయల్ రోడ్డు మీద పడమరగా సుమారు గంట ప్రయాణం చేస్తే మికసూకీ అనే అమెరికా ఆదివాసీ జాతివారి మికసూకీ ఇండియన్ విలేజ్ వస్తుంది. ఫ్లోరిడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఎవర్‌గ్లేడ్స్ అనే విశాలమైన చిత్తడి నేలలకు వెళ్తుంటాయి. అయితే చాలామంది ఎయిర్‌బోటు (వెనక పెద్ద ఫ్యానుతో నడిచే పడవ) ఎక్కి, మొసళ్ళను చూసి, మధ్యాహ్నానికే మయామికి తిరిగి వచ్చేస్తారు. ఆ నీళ్ళను నమ్ముకుని తరతరాలుగా బతుకుతున్న మనుషుల కోసం ఒక పూట కేటాయించమని కోరుతూ ఇది రాస్తున్నాను.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా సైన్యం సెమినోల్ అనే ఆదివాసులతో చేసిన యుద్ధాల్లో ఈ ప్రాంతపు ప్రజలను వేల సంఖ్యలో పట్టుకుని మిసిసిపీ నదికి ఆవల, నేటి ఓక్లహోమాకు తరలించింది. 1858లో మూడో యుద్ధం ముగిసేనాటికి ఈ చిత్తడి నేలల్లో తలదాచుకుని లొంగకుండా మిగిలినవారు కొన్ని వందల మందే. మికసూకీలు వారి సంతతి. 1928లో టామియామి ట్రయల్ పూర్తయ్యాక చాలా కుటుంబాలు పడవ దారులను వదిలి రోడ్డు వారకు వచ్చాయి. సెమినోల్‌ల నుంచి వేరుగా, ప్రత్యేక జాతిగా గుర్తింపు కోసం పోరాడుతూ 1959లో బఫెలో టైగర్ నాయకత్వంలో ఒక బృందం క్యూబా రాజధాని హవానా దాకా వెళ్ళి కాస్ట్రో ప్రభుత్వపు గుర్తింపు పొందింది. అమెరికా ప్రభుత్వం గుర్తించింది 1962లో.

విలేజ్‌లో మ్యూజియం ఉంది, మొసలి ప్రదర్శన ఉంది, చేతిపనుల దుకాణం ఉంది. నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి చికీలు. సైప్రస్ దుంగలను నిలబెట్టి, పైన పాల్మెటో అనే తాటిజాతి చెట్టు ఆకులను దట్టంగా కప్పి కట్టే ఈ ఇళ్ళకు గోడలు ఉండవు. నేలకు ఎత్తుగా వేసిన చెక్క అరుగు మీదే కూర్చోవడం, పని చేసుకోవడం, పడుకోవడం అన్నీ జరిగేవి. వరద వచ్చినా అరుగు తడవదు, గాలి నాలుగు వైపులా ఆడుతుంది. వంటకు వేరే చికీ ఉంటుంది. అందులో పొయ్యి తీరు చూడవలసిందే: పొడవాటి దుంగల కొసలన్నీ ఒకే చోట కలిసేలా నేల మీద గుండ్రంగా పేర్చి, నడుమ నిప్పు చేస్తారు. మంట పెంచాలంటే దుంగలను లోపలికి తోస్తారు, తగ్గించాలంటే వెనక్కు లాగుతారు. మొక్కజొన్నతో చేసే సోఫ్కీ అనే గంజి ఇలాంటి పొయ్యి మీదే కాగేది.

ఒక చికీలో కుట్టుమిషను ముందు కూర్చున్న పెద్దావిడ దగ్గర మేము చాలాసేపు నిలబడ్డాం. ఆవిడ ఎరుపు, పసుపు, నలుపు గుడ్డ పీలికలను పొడవునా కలిపి కుట్టి, ఆ పట్టీని అడ్డంగా చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కను కాస్త పక్కకు జరిపి మళ్ళీ కుట్టేసరికి మెట్లు మెట్లుగా ఒక నమూనా తేలింది. చేత్తో తిప్పే కుట్టుమిషన్లు మికసూకీలు నివసించే శిబిరాలకు చేరాక పెరిగిన కళ ఇది. ఇలా కుట్టిన జాకెట్ల, లంగాల ధర మొదట ఎక్కువనిపిస్తుంది. పని కళ్ళారా చూసిన తర్వాత బేరం ఆడాలనిపించదు. ఫొటో తీసే ముందు అనుమతి అడగడం మర్యాద.

మికసూకీల వంశాలకు చిరుతజాతి మృగం, పక్షి, గాలి, నీటికుక్క వంటి పేర్లు ఉంటాయి. మన సగోత్రుల మాదిరిగానే ఒకే వంశంవారు పెళ్ళి చేసుకోరు, కాకపోతే బిడ్డకు వచ్చేది తల్లి వంశం. ఏటా జరిగే గ్రీన్ కార్న్ (లేత మొక్కజొన్న) వేడుక వారి సొంతం, బయటివారికి ప్రవేశం లేదు. దాని గురించి గుచ్చి గుచ్చి అడగకపోవడమే మంచిది.

మొసలి ప్రదర్శన పిల్లలకు నచ్చుతుంది. చర్మాల కోసం మొసళ్ళను పట్టే నేర్పు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో మయామి పర్యాటక శిబిరాల్లో ఆటగా మారింది. సమయం తక్కువ ఉంటే దీన్ని వదిలేసి చికీల దగ్గరే గడపమంటాను.

ఎయిర్‌బోటు విషయంలో మాత్రం ఎంపిక ముఖ్యం. మయామికి దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు సంస్థ పడవలో మమ్మల్ని కిక్కిరిసేలా కూర్చోబెట్టి, వేగంగా రెండు చుట్లు తిప్పి దించేసింది. మికసూకీలే నడిపే పడవలు గడ్డి మైదానాల మధ్య కాస్త ఎత్తుగా ఉండే చెట్ల దిబ్బ దగ్గర ఆగి, అక్కడి పాత కుటుంబ శిబిరాన్ని చూపిస్తాయి. యుద్ధకాలంలో ప్రాణాలు కాపాడినవి ఇలాంటి దిబ్బలే. టామియామి ట్రయల్ కట్ట దక్షిణంగా పారే నీటికి అడ్డుపడుతుండటంతో ఉత్తరాన ఉన్న దిబ్బలు తరచుగా మునుగుతున్నాయి, ఇంకా ఉత్తరాన ఉన్న చెరుకు తోటల భాస్వరం నీటిని పాడు చేస్తోంది. నీటి కోసం మికసూకీలు వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2004లో అక్కడ తీర్పు వచ్చింది. ఆ తర్వాత రోడ్డు కింద నీరు పారేందుకు వంతెనలు కట్టారు. దారిలో వాటి మీదుగానే వెళ్తాం.

పక్కనే జాతీయ పార్కువారి షార్క్ వ్యాలీ ఉంది. అక్కడి 24 కిలోమీటర్ల చుట్టుదారిలో ట్రామ్ మీద గాని, అద్దె సైకిలు మీద గాని వెళ్ళవచ్చు. పెద్దవారు వెంట ఉంటే ట్రామ్ మేలు. మధ్యలో ఉన్న గోపురం ఎక్కితే కనుచూపు మేర గడ్డి, నీరే. చరిత్ర లోతుగా తెలుసుకోవాలనుకునేవారు బిగ్ సైప్రస్‌లో సెమినోల్ జాతివారు నడిపే ఆ-టా-థి-కీ మ్యూజియానికి మరో రోజు కేటాయించాలి. వివరణల నాణ్యతలో దానిదే పైచేయి, మనుషులతో మాట్లాడే అవకాశంలో మికసూకీ విలేజ్‌దే.

బసకు టామియామి ట్రయల్, క్రోమ్ అవెన్యూ కలిసే కూడలిలో మికసూకీ జాతివారి సొంత కాసినో హోటల్ ఉంది. విలేజ్‌కు అరగంట దూరం, గదులు సౌకర్యంగా ఉంటాయి. కాసినో వాతావరణం వద్దనుకునే కుటుంబాలకు హోమ్‌స్టెడ్ గాని, పడమరన ఎవర్‌గ్లేడ్స్ సిటీ గాని నయం. విలేజ్ పరిసరాల్లో భోజనమంటే ఫ్రై బ్రెడ్, క్యాట్‌ఫిష్, కప్ప కాళ్ళు ప్రధానం కనుక శాకాహారులు పులిహోరో చపాతీలో వెంట తెచ్చుకోవాలి. ఫోను సిగ్నల్ సరిగా అందదు, కారులో పెట్రోలు ముందే నింపుకోవాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం. వానాకాలంలో దోమల బెడద తీవ్రం, షార్క్ వ్యాలీ దారి కూడా ఒక్కోసారి నీట మునిగి మూతపడుతుంది.