హోంలో ఉండటమా, పరిహారం కోరడమా: బయటపడిన మహిళకు ఏది మేలు?

ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల న్యాయ సహాయ శిబిరాలకు వెళ్లిన ప్రతిసారీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వ్యభిచార గృహంపై పోలీసు దాడిలో బయటపడిన అమ్మాయి తరఫున తల్లో అక్కో అడుగుతారు. ఒక్కోసారి ఆ అమ్మాయే ఎవరిదో ఫోను తీసుకుని అడుగుతుంది. "మేడమ్, హోంలో ఉండమంటున్నారు. ఉంటే మంచిదా, ఇంటికి వెళ్లి డబ్బు కోసం దరఖాస్తు పెట్టుకుంటే మంచిదా?" నిజానికి ఒకటి తీసుకుంటే రెండోది పోదు. హోంలో ఉంటూనే పరిహారం కోరవచ్చు. అయినా ఏది ముందు, ఏది ముఖ్యం అనేది తేల్చుకోవలసిందే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సంగతి బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది కాబట్టి ఇక్కడ పెద్దవాళ్ల గురించే రాస్తున్నాను.

హోం అంటే ఇప్పుడు శక్తి సదన్. పాత ఉజ్జ్వల, స్వాధార్ గృహాలను కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి పథకం కింద కలిపి ఈ పేరు పెట్టారు. తిండి, బట్ట, వైద్యం, కౌన్సెలింగ్, ఏదో ఒక పని నేర్పడం అన్నీ ఉంటాయి. ఆడపిల్లలనూ, పన్నెండేళ్లలోపు మగపిల్లలనూ వెంట ఉంచుకోవచ్చు. నెలకు 500 రూపాయలు ఆమె ఖాతాలో వేయాలని నిబంధన. ఇంట్లోవాళ్లే అమ్మేసిన కేసుల్లోనూ, ఏజెంటు ఇంకా ఊళ్లో తిరుగుతున్న కేసుల్లోనూ దీనిని మించిన రక్షణ లేదు. ఆపదలో ఉన్న మహిళలకు తాత్కాలిక ఆశ్రయం ఇచ్చే సఖి కేంద్రంలో అయిదు రోజులకు మించి ఉంచరు కదా.

కానీ హోంలోకి వెళ్లే దారులు రెండు. ఒకటి ఆమె ఇష్టపడి వెళ్లడం. రెండోది మేజిస్ట్రేటు ఉత్తర్వు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం విచారణ తరువాత ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచవచ్చు. కనిగిరి వైపు పల్లెలో అత్త దగ్గర ఇద్దరు పిల్లలను వదిలి వచ్చిన మనిషికి ఆ ఏడాది ఎంత భారమో ఆలోచించండి. పొగాకు గ్రేడింగు కూలి లేదు, రొయ్యల షెడ్డులో పని లేదు, ఇంటికి పంపడానికి రూపాయి లేదు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో రక్షణ గృహాలను సర్వే చేసి, ఇష్టం లేకుండా ఉంచిన వయోజన మహిళల కేసులను గడువు పెట్టుకుని పరిశీలించి విడుదల చేయాలని ఉంది. కాబట్టి ఇష్టం లేని మనిషి ఆ మాట మేజిస్ట్రేటు ముందే గట్టిగా చెప్పాలి. చెప్పడానికి ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కు ఆమెకు ఉంది. ఆదాయంతో పని లేదు.

ఇక పరిహారం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. 2018లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ రూపొందించిన పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల వరకు, సామూహిక అత్యాచారమైతే 5 లక్షల నుంచి 10 లక్షల వరకు ఇవ్వవచ్చు. నేరస్థుడికి శిక్ష పడే దాకా ఆగనక్కర లేదు. నేరస్థుడు ఎవరో తెలియకపోయినా, దొరకకపోయినా దరఖాస్తు చెల్లుతుంది. కొంత సొమ్ము మధ్యంతరంగా ముందే కోరవచ్చు.

దీని బలహీనత కాగితంలో ఉంది. చాలా ఎఫ్ఐఆర్‌లలో 'వ్యభిచార గృహంపై దాడి' అని రాసి, నిర్వాహకుడి మీద 1956 చట్టం సెక్షన్లు మాత్రమే పెట్టి వదిలేస్తారు. ఆమెను ఎవరు తీసుకెళ్లారు, ఎవరికి అప్పజెప్పారు, బలవంతంగా ఏం చేశారు అన్నది అందులో ఉండదు. అలాంటప్పుడు పరిహారం పట్టికలో ఏ వరుసలో అడగాలో వకీలుకూ పాలుపోదు. భారతీయ న్యాయ సంహితలో అక్రమ రవాణాకు 143వ సెక్షన్ ఉంది. అది పెట్టారా లేదా అడగండి. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చేటప్పుడు జరిగినదంతా చెప్పమనండి. హోంకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ఎవరి కళ్లకూ భయపడకుండా వాంగ్మూలం ఇవ్వాలంటే కొన్ని వారాలు హోంలో ఉండటం చాలా మేలు చేస్తుంది.

అయినా నా ఓటు పరిహారానికే. దానికి కారణం మొత్తం పెద్దది కావడం ఒక్కటే కాదు. డబ్బు మంజూరు అయ్యాక ఎవరి చేతికి చేరుతుంది? నా లెక్కలో మిగతావన్నీ దీని తరువాతే. నెల్లూరు వైపు ఒకామె పాసుపుస్తకం చూశాను. పేరు ఆమెదే, ఫొటో ఆమెదే. ఫోను నంబరు మాత్రం వాళ్ల అన్నయ్యది. ఏటీఎం కార్డూ అతని దగ్గరే. ఓటీపీ అతని జేబులోని ఫోనుకు వస్తుంది. ఆమెను మంచి జీతం అని చెప్పి ఏజెంటుతో రైలెక్కించినది ఆ అన్నే. బయటపడిన వెంటనే రాష్ట్రం ఇచ్చే తక్షణ సాయం ఆ ఖాతాలో పడి ఉంటే ఆమెకు కబురు కూడా తెలిసేది కాదు.

పరిహారం పథకంలో నాలుగింట మూడు వంతుల సొమ్మును కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. నెలనెలా వడ్డీ ఆమె పొదుపు ఖాతాలో పడుతుంది. "మా డబ్బు మాకివ్వడానికి ఈ తాళం ఎందుకు?" అని చాలామంది కోప్పడతారు. చదువుకో వైద్యానికో అవసరమైతే ముందే తీసుకునే వీలుంది. మిగిలిన సందర్భాల్లో ఆ తాళమే ఆమెకు అండ. ఇంట్లోవాళ్లు ఒత్తిడి పెడితే "నా చేతిలో లేదు" అని చెప్పగలదు. కాకపోతే వడ్డీ పడే ఖాతా అన్నయ్య ఫోను నంబరుతో ఉంటే ఈ అండ సగం పోయినట్టే. దరఖాస్తుకు ముందే ఆమె పేరున సిమ్, వేరే బ్యాంకులో కొత్త ఖాతా తీసుకోవాలి. నామినీగా ఎవరిని పెట్టాలో ఆమెనే ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

మూడో దారి ఒకటుంది. వెట్టిచాకిరీ విముక్తుల పునరావాస పథకంలో వ్యభిచార గృహాల నుంచి విడిపించిన మహిళలకు 3 లక్షల రూపాయలు ఉన్నాయి. నెల్లూరులో వెట్టి విముక్తి అనగానే ఇటుక బట్టీల్లోని యానాది కుటుంబాలే గుర్తొస్తాయి. ఈ మహిళలూ ఆ పథకంలోకి వస్తారన్న సంగతి చాలామంది ఎరగరు. అయితే రెవెన్యూ అధికారి విముక్తి ధ్రువపత్రం కావాలి, చివరి చెల్లింపు వెట్టి రుజువయ్యాకే. అడగడం మానకండి, దీని మీదే ఆశ పెట్టుకుని కూర్చోకండి.

రాష్ట్రం 2003లో మొదలుపెట్టిన తక్షణ సాయం బస్సు చార్జీలకు, మందులకు, మొదటి నెల బియ్యానికి పనికివస్తుంది. ఏఆర్‌టీ (హెచ్ఐవీ) మందులు వాడుతున్నవారికీ, వితంతువులకూ నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. అది ఎవరైనా అర్హతను బట్టి తీసుకోవలసినదే.

ఆధార్ లేనివాళ్లు, లేదా దానిని పాత యజమాని దగ్గరే వదిలేసి వచ్చినవాళ్లు సిమ్, ఖాతా దగ్గరే ఆగిపోతున్నారు. లైంగిక వృత్తిలో ఉన్న మహిళలకు చిరునామా రుజువు అడగకుండా, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు లేదా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో)లోని గెజిటెడ్ అధికారి ఇచ్చే ధ్రువపత్రం మీద ఆధార్ ఇవ్వాలని కూడా 2022 ఆదేశాల్లోనే ఉంది. ఆ కాగితం ఎలా సంపాదించాలో తెలియకపోతే న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేసి, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఒక మహిళా వలంటీరును పంపమని అడగండి.