పెన్నుతో రాసిన నంబరు: మా కొట్టు లెక్కలకు మనిషిని పెట్టుకున్న రెండేళ్ళ అనుభవం

ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు కొట్టేవాళ్ళు బెంగళూరులో ఎక్కడ వెతికినా దొరుకుతారు. నెలకింత అని తీసుకుని జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టేవాళ్ళకూ కొదవ లేదు. నేను చెప్పాలనుకున్నది మా దగ్గరికి వారానికి రెండు పూటలు వచ్చే అమ్మాయి గురించి, అందులోనూ ఆమె ప్రతి నెలా 14వ తేదీ దాటగానే చేసే ఒక్క పని గురించి. జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ, అంటే మాకు సరుకు అమ్మినవాళ్ళు మా పేరు మీద చూపించిన బిల్లుల జాబితా, రాగానే దించుకుని, మేం సరుకు కొన్న బిల్లులన్నీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ చూసి టిక్కు పెడుతుంది. టిక్కు పడని బిల్లులు వేరే కట్ట కడుతుంది. ఆ కట్టలో ఉన్న షాపులకు ఆ రోజే ఫోన్లు వెళతాయి. ఈ ఒక్క పనికే నెలకు 9,000 ఇవ్వొచ్చని నాకు అనిపిస్తుంది.

మాది కేఆర్ పురంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. అమ్మకాల్లో సగానికి పైగా కాంట్రాక్టర్లకే. వైర్ల మీద మాకు మిగిలేది నూటికి నాలుగైదు రూపాయలు. కొన్నప్పుడు కట్టిన 18 శాతం పన్ను ఒక్క బిల్లు మీద క్రెడిట్ (అమ్మినప్పుడు మేం కట్టాల్సిన పన్నులో అంత తగ్గింపు) రాకుండా పోయిందంటే, అలాంటి నాలుగు బిల్లుల లాభం ఎగిరిపోయినట్టే. 2022 జనవరి నుంచి అమ్మినవాళ్ళు తమ జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) మన జీఎస్టీ నంబరు మీద ఆ బిల్లు చూపిస్తేనే మనకు క్రెడిట్. బిల్లు చేతిలో ఉన్నా, డబ్బు బ్యాంకు నుంచి కట్టినా సరే, అక్కడ కనపడకపోతే లేనట్టే.

అంతకుముందు ఒక కన్సల్టెంట్ చూసేవారు. నెలకు 1,500. రిటర్ను తేదీకి పడేది, ఒక్క నోటీసు కూడా రాలేదు. ఆయన్ని మంచివారనే నలుగురికీ చెప్పాను కూడా. ఆయన చేసిందల్లా 2బీలో ఎంత కనపడితే అంత 3బీలో (క్రెడిట్ తీసుకుని మిగతా పన్ను కట్టే నెలవారీ రిటర్నులో) పెట్టడం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ 2బీలో కనపడని బిల్లుల గురించి ఆయన అడగలేదు. అడగాలని నాకూ తెలియదు. ఆ తేడా నెలనెలా నా జేబులోంచే కట్టాను.

ఈ అమ్మాయి 2023 ఆగస్టులో చేరింది. వాళ్ళది హిందూపురం. తెలుగూ కన్నడా రెండూ గలగలా మాట్లాడుతుంది. చేరిన రెండో నెలలోనే, "అన్నా, పోయిన సంవత్సరం బిల్లులు కూడా ఒకసారి చూద్దాం, నవంబరు 30 దాకా టైముంది" అంది. 2022-23లో ఏదైనా క్రెడిట్ వదిలేసి ఉంటే ఆ తేదీలోపు తీసుకోవాలి, దాటితే పోయినట్టే అని అప్పుడే తెలిసింది నాకు. అటక మీది డబ్బాలు దించాం. దసరా ముందు వారమంతా అదే పని.

అందులో ఎస్పీ రోడ్డులో కొన్న వైర్ల బిల్లు ఒకటి బయటపడింది. 2 లక్షల సరుకు, 36,000 పన్ను, మొత్తం 2,36,000. ఒక అపార్ట్‌మెంట్ పని కోసం ఒకేసారి ఎత్తిన సరుకు అది. 2బీలో ఎక్కడా లేదు. నేనైతే వాళ్ళు రిటర్నే వేయలేదేమో అనుకున్నాను. ఆమె బిల్లును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, మా జీఎస్టీ నంబరు మీద వేలు పెట్టింది. "అన్నా, ఇది ప్రింటు కాదు, పెన్ను." నిజమే. మిగతాదంతా మిషన్లో కొట్టిన నల్లటి అక్షరాలు. 29తో మొదలయ్యే మా పదిహేను అక్షరాలు మాత్రం నీలం పెన్నుతో రాసి ఉన్నాయి. అంటే కౌంటర్లో కుర్రాడు ముందు క్యాష్ బిల్లు కొట్టేశాడు, నేను నంబరు చెప్పాక కాగితం మీద మాత్రం రాసిచ్చాడు. వాళ్ళ కంప్యూటర్లో మా పేరే లేదు. పదకొండు నెలలు ఆ బిల్లు నా డబ్బాలోనే ఉంది, నేను రెండు మూడుసార్లు చూశాను కూడా. నా కంటికి సిరా రంగు ఆనలేదు.

ఫోన్లో చెబితే తేలే పని కాదంది. మెట్రో అప్పుడే బైయప్పనహళ్ళి నుంచి కేఆర్ పురం దాకా కలిసింది. మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి నడిచాం. షాపు లోపల కప్పు దాకా వైరు చుట్టలు, వాటి మధ్య చిన్న బల్ల, దాని మీద కంప్యూటర్. వాళ్ళ లెక్కలాయన పోయిన సంవత్సరం పుస్తకాలు మూసేశాం, ఇప్పుడు కుదరదన్నాడు. ఈమె గొంతు పెంచలేదు. బిల్లు, మా బ్యాంకు స్టేట్‌మెంట్ రెండూ బల్ల మీద పెట్టి, "మీరు కట్టాల్సిన పన్ను ఒక్క రూపాయి పెరగదు, క్యాష్ అమ్మకంలో తగ్గించి ఇటు మా నంబరు మీద చూపించడమే, సరిచేసుకోవడానికి మీకూ నవంబరు 30 దాకా గడువుంది" అని కన్నడలో చెప్పింది. రెండోసారి చెప్పేసరికి షాపు యజమానే కుర్చీలోంచి లేచి వచ్చి, అక్టోబరు రిటర్నులో పెట్టమని ఆయనకు చెప్పాడు.

ఆ జీఎస్టీఆర్-1 వేయాల్సిన 11వ తేదీ సరిగ్గా దీపావళి ముందు రోజు పడింది. వాళ్ళు పండగ హడావిడిలో మరిచిపోతారేమోనని నాకు ఒకటే టెన్షన్. 14న బలిపాడ్యమి. కొట్టు మూసి ఇంట్లో ఉన్నాం. మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. 2బీలో ఆ షాపు పేరు, పక్కన కేంద్రం పన్ను 18,000, దాని పక్కన రాష్ట్రం పన్ను ఇంకో 18,000. కింద "వచ్చేసింది అన్నా" అని రాసింది. మా ఆవిడకు చూపించాను. ఆ 20న వేసిన 3బీలో ఆ 36,000 తీసుకున్నాం. ఆమెకు నేను ఇచ్చే నాలుగు నెలల జీతం ఒక్క కాగితం మీద తిరిగొచ్చింది.

అదే డబ్బాల్లో మరో 11,000 చిల్లర తేలింది గానీ అది రాలేదు. ఆ షాపు ఎత్తేశారు, ఫోను కూడా పనిచేయలేదు.

ఇక రెండేళ్ళు దాటాక చెప్పాల్సినవి ఉన్నాయి. ఫోన్లు ఆ రోజే వెళతాయన్నాను గదా, మొదటి ఏడాది ఆమే చేసేది. ఇప్పుడు ఆమె చేతిలో ఇంకో ఐదు కొట్లున్నాయి, టిక్కు పడని బిల్లుల జాబితా నాకు పంపిస్తుంది, ఫోన్లు నేను చేస్తున్నాను. నేను ఊళ్ళో లేని నెల అవి ఆగిపోతాయి. మొన్న వేసవిలో వాళ్ళ అమ్మగారికి ఒంట్లో బాగాలేక ఊరికి వెళితే, 3బీ నాలుగు రోజులు ఆలస్యమైంది. రోజుకు 50 చొప్పున 200 ఆలస్య రుసుము, పైగా కట్టాల్సిన పన్ను మీద వడ్డీ. డబ్బు చిన్నదే. కానీ ఏ ఖాతా ఏ పేరుతో పెట్టిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదని ఆ నాలుగు రోజుల్లో అర్థమైంది.

అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటి. కొన్న బిల్లుల మీద ఉన్న కన్ను ఆమెకు అమ్మిన బిల్లుల మీద లేదు. వైట్‌ఫీల్డ్ కాంట్రాక్టరు ఒకాయన మాకు రావాల్సిన 1,18,000 రెండు నెలలు ఆపేశాడు. "మీ బిల్లు మా 2బీలో లేదండీ, అది వచ్చాకే డబ్బు" అన్నాడు. చూస్తే మా కుర్రాడు నంబరు లేకుండా బిల్లు కొట్టాడు, ఆమె అలాగే రిటర్నులో వేసేసింది. ఎస్పీ రోడ్డు షాపులో మేం ఏం అడిగామో అదే మాట ఆయన మమ్మల్ని అడిగాడు. తరువాతి నెల సరిచేశాం, డబ్బొచ్చింది. కానీ ఆయన ముందు నిలబడటం నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఆదాయపు పన్నుకూ, ఆడిట్‌కూ సీఏ వేరేగా ఉన్నారు. ఆ ఖర్చు తగ్గలేదు. అందుకని అందరూ ఇలాగే మనిషిని పెట్టుకోండని చెప్పలేను. మాలాగా బిల్లు మీద కొని బిల్లు మీద అమ్మేవాళ్ళకైతే, నెలకు ఐదారు లక్షల సరుకు దాటితే, పెట్టుకోండనే అంటాను. కాంపోజిషన్‌లో (చిన్న కొట్లకున్న సులువు పద్ధతిలో) ఉండి అమ్మకాల మీద ఒక్క శాతం కట్టే కొట్లకు క్రెడిట్టే లేదు కాబట్టి ఈ పనితోనే అవసరం లేదు. ఇంట్లో కూర్చుని నెలకు ఒక పూట బిల్లులు పోల్చుకునే ఓపిక, చూపు ఉన్నవాళ్ళు సొంతంగానూ చేసుకోవచ్చు. నాకు ఆ చూపు లేదు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కౌంటర్ వదిలి రాలేను.

వచ్చే ఏప్రిల్ నుంచి 12,000 కావాలని అడిగింది. సరేనన్నాను, ఇకమీదట రిటర్ను వేసే ముందు అమ్మిన బిల్లుల నంబర్లు కూడా చూడమని చెప్పి.