పత్తికొండ రేడియం షాపు: ట్రాలీల వెనక ఎర్ర టేపు వేయించాలనుకునే రైతులకు

పత్తికొండ బస్టాండు దగ్గర సందులో చిన్న రేడియం షాపు ఒకటుంది. బండ్ల నంబరు ప్లేట్లు, ఆటోల అద్దాల మీద పేర్లు, బైకుల ట్యాంకులకు స్టిక్కర్లు, రోజూ అక్కడ జరిగే పని ఇదే. పోయిన బుడ్డల (వేరుశనగ) సీజనుకు ముందు మా ఊరి ట్రాలీలకు, ఎద్దుల బండ్లకు రాత్రిపూట మెరిసే టేపు వేయించింది ఆ షాపు భాయ్‌తోనే. కోతలు, టమాట లోడ్లు, చలికాలం మంచు, అన్నీ దాటినాక రాస్తున్నా. ట్రాక్టరున్న ప్రతి రైతూ ఒకసారి ఆయన దగ్గరికి పోయిరావాలి. నచ్చని సంగతులూ ఉన్నాయి, అవీ చెప్తా.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాణ్ణి. నైట్ సర్వీసులు ఎక్కువ తోలినా. ఎదురుగా లారీ లైటు కంట్లో కొట్టినప్పుడు ముందున్న రోడ్డు కొంచెంసేపు కనపడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డిమ్‌లో లైటు పడేది యాభై మీటర్లకు అటూ ఇటూ. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే సగం దూరం అయిపోతుంది. అప్పుడు ఎదురుగా లైటు లేని ట్రాలీ నిలబడి ఉంటే ఎంత మంచి డ్రైవరైనా చేసేదేం లేదు.

మా వైపు రోడ్లు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సాయంత్రం టమాట కోసి, బాక్సులు ఎత్తి, తెల్లారకముందే మార్కెట్టుకు చేరాలని చీకట్లోనే బయల్దేరుతారు. ట్రాక్టరుకు ముందు లైట్లుంటాయి. వెనక ట్రాలీకి బల్బు ఉన్నా, ట్రాక్టరు నుంచి వచ్చే వైరు ఎప్పుడో తెగి ఉంటుంది. పంచరైతే రోడ్డు మీదే ఆపి చుట్టూ రాళ్లు పెడతారు. పని అయినాక ట్రాలీ పోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. మా ఊరి పిల్లగాడొకడు గుంతకల్లు నుంచి బైకు మీద వస్తా, అట్ల ఆగిన ట్రాలీకే వెనక నుంచి గుద్దుకున్నాడు. బతికినాడు గానీ ఎడమకాలు ఇంకా సరిగా మడవలేడు. వాళ్లమ్మ ముఖం చూసినాకనే ఊర్లో నలుగురం కూర్చుని చందా వేసుకున్నాం.

షాపులో నాకు మొదట నచ్చింది, భాయ్ సరుకు అమ్మే ముందు చూపించిన తీరు. రెండు రకాల ఎర్ర టేపు ముక్కలు తెచ్చి, షట్టరు సగం దించి, గోడకు ఆనించినాడు. పగటి వెలుగులో రెండూ ఒకటే. "పెద్దాయనా, ఫోన్ టార్చ్ మీ కణత పక్కన పెట్టుకుని చూడండి" అన్నాడు. చౌక టేపు కొంచెం మెరిసింది. రెండోది నిప్పు కణికలా ఎర్రగా లేచింది. తర్వాత టార్చ్ భాయ్ తీసుకుని, అదే చోటు నుంచి టేపు మీదికి వేస్తా, నన్ను నాలుగడుగులు పక్కకు జరగమన్నాడు. ఈసారి రెండూ మామూలుగానే కనపడినాయి. ఈ టేపు లోపలుండే సన్నని పట్టకాలు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. అందుకే లైటు వేసుకొచ్చే డ్రైవరు కంటికే అది దొరుకుతుంది. వైరు వద్దు, బ్యాటరీ వద్దు, తెగేదేం లేదు.

అసలు టేపు మీద ప్రమాణం కోడు, గుండ్రటి గుర్తు కొంత కొంత దూరానికి అచ్చయి ఉంటాయి. బండ్లకు వేసే ఈ టేపుకు మన దేశంలో ఏఐఎస్-090 అనే ప్రమాణం ఉంది. ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు, ఇదే వరస. మా పక్క ఊరి రైతు ఒకాయన వేరే చోట ఏ గుర్తూ లేని టేపు వేయించుకుంటే, ఒక్క ఎండాకాలానికే పగిలి పొరలు లేచింది. మన ఎండకు నాసి సరుకు నిలవదు.

రెండోది, పనిలో పట్టింపు. మొదటి ట్రాలీ మట్టితోనే తోలుకుపోయినారు మావాళ్లు. భాయ్ చేత్తో రుద్ది చూసి, "దుమ్ము మీద అంటిస్తే దుమ్ముకే అంటుకుంటాది, ఇనుముకు కాదు. కడుక్కుని రాండి" అని తిప్పి పంపినాడు. బేరం పోతుందని చూడలేదు. కడిగి ఆరబెట్టి తెచ్చినాక కూడా, ఆయిలు మరకలున్న చోట పెట్రోలు గుడ్డతో తుడిచి, తుప్పు పొరను గరుకు కాగితంతో గీకి, అప్పుడు మొదలుపెట్టినాడు. టేపును ఒకటే పొడుగు పట్టీగా లాగలేదు. రివిట్లు, అతుకులు ఉన్న చోట కోసి, ముక్కలు ముక్కలుగా వేసి, ప్రతి ముక్క అంచునూ ప్లాస్టిక్ గీకుడుతో గట్టిగా నొక్కినాడు. అంచు లేస్తే నీళ్లు పోయి మొత్తం ఊడుతుందంట. ఇప్పటిదాకా మా ట్రాలీల మీద ఒక్క అంచూ లేవలేదు.

ఎద్దుల బండ్ల దగ్గర మాత్రం నిజంగా తల పెట్టి పని చేసినాడు. కట్టె మీద టేపు ఆగదు, ఎండకు చెక్క నెర్రెలిస్తుంది. అందుకని సన్నని అల్యూమినియం రేకు పట్టీలుగా కోసి, వాటి మీద టేపు అంటించి, రేకునే మేకులతో బండి వెనక కొట్టించినాడు. చక్రాల పక్కన పసుపు పట్టీలు కూడా ఉంటే అడ్డంగా రోడ్డు దాటే బండి కూడా తెలుస్తుందని ఆయనే చెప్పినాడు.

బుడ్డల కట్టె, అంటే కాయలు తీసినాక మిగిలే ఎండు చెట్టు, దాని లోడు సంగతి నేనే అడిగినా. కట్టె వేసుకొస్తే ట్రాలీ వెనక డోరు దించేస్తారు, లోడు నాలుగడుగులు బయటికి వేలాడుతుంది, టేపు దాని కింద మూతపడిపోతుంది. దానికి కాన్వాసు బెల్టు మీద ఎర్ర టేపు కుట్టించి, రెండు కొసలకూ ఇనుప కొక్కేలు పెట్టి ఇచ్చినాడు. లోడు కట్టిన తాడుకు తగిలిస్తే సరిపోతుంది. ఈ బెల్టు ఏ కంపెనీలోనూ దొరకలేదు నాకు. ఊర్లో ఇప్పుడు అందరూ దీన్నే అడుగుతున్నారు.

పని అయినాక ఒక రాత్రి మా అల్లుణ్ణి ట్రాలీ రోడ్డు పక్కన ఆపమని, బైకు మీద డిమ్ లైటు వేసుకుని అటు పోయి చూసినా. నాలుగు కరెంటు స్తంభాల అవతల నుంచే ఎర్ర గీత కనపడింది. ముందు వట్టి గీత, దగ్గరికొచ్చే కొద్దీ ట్రాలీ వెడల్పు మొత్తం తెలిసింది. ఇన్నేళ్లు బస్సు తోలిన నాకు ఆ వెడల్పు తెలియడమే ముఖ్యం. ఒక్క బల్బు కనిపిస్తే బైకు అనుకుని పక్క నుంచి దూరేస్తారు.

ఖర్చుకొస్తే, మీటరు అరవై రూపాయలు. మా ట్రాలీకి నాలుగు పక్కలా కలిపి పద్నాలుగు మీటర్ల దాకా పట్టింది. కూలితో కూడా వెయ్యి దాటలేదు. రేకు పని, బెల్టు వేరే.

నచ్చనివి: బిల్లు అడిగితేనే ఇస్తాడు, అదీ చీటీ మీద. చందా డబ్బుకు లెక్క చెప్పాల్సిన మాకు అది ఇబ్బంది అయ్యింది. పసుపు టేపు మధ్యలో అయిపోయి, రెండు ట్రాలీలు పక్కలకు టేపు లేకుండానే చాలా రోజులు తిరిగినాయి. ఫోన్ చేస్తే ఎత్తడు. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది, దూరం ఊర్ల నుంచి వచ్చేవాళ్లు తెలుసుకుని రావాలి.

మా బడి దగ్గర స్పీడ్ బ్రేకరుకు కూడా ఆయన చేతనే బోర్డులు చేయించినాం. ఆ బ్రేకరు ఊరివాళ్లే సిమెంటుతో గోడలా పోసినది. రంగు లేదు, బోర్డు లేదు. బైకు వెనక కూర్చున్న ఆడవాళ్లు ఎగిరి పడేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, దానికి 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టినాం, సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు వచ్చి కొలత టేపు పట్టి కొలిచిపోయినాడు. కొత్తగా పోసేది ఎప్పుడో ఇంకా తేలలేదు. అంతదాకా మెరిసే బోర్డులు రెండు పక్కలా నిలబెట్టుకున్నాం. బైకులు ఇప్పుడు ముందే స్లో అవుతున్నాయి.

ఇంకోటి, ఆయన డబ్బు తీసుకోకుండా ప్రతి ట్రాలీ పక్కన 108 అని పెద్ద అంకెలు అంటించినాడు. దెబ్బ తగిలినోణ్ణి ఎత్తుకుపోతే కేసు మన మీదికొస్తుందని మా దగ్గర ఇంకా భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షను పెట్టినారు. సాయం చేసినవాళ్ల మీద కేసు పడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకు జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం కూడా అమల్లోకి వచ్చింది. ఈ ముక్కలు ఊర్లో ప్రతి ఇంటికీ తెలియాలి. మా పిల్లగాడు పడిన రాత్రి ఆ దారిన పోయిన రెండు బండ్లు ఆగలేదు.

పోయేవాళ్లు ట్రాలీని ముందురోజే కడిగి, ఎండకు బాగా ఆరబెట్టి తీసుకుపోండి. పొద్దున పది లోపల పోతే ఎండ ఎక్కకముందే పని అయిపోతుంది. పసుపు టేపు ఉందో లేదో ముందే అడగండి, గుర్తు అచ్చయి ఉన్న చుట్టనే కోయించుకోండి. నాలుగైదు ట్రాలీలు కలిసి పోతే కూలి తగ్గిస్తాడు. బుడ్డల కట్టె తోలేవాళ్లు బెల్టు మర్చిపోవద్దు.