జాగ్రత్త: "కన్నం అక్కర్లేదు, వెనక తగిలిస్తే చాలు" అనే ఓవర్‌ఫ్లో బాక్సు కొనేముందు కరెంటు తీయించి చూడండి

కడపలో గానీ, ప్రొద్దుటూరు, రాయచోటి వైపు గానీ సంప్ (పై ట్యాంకు నుంచి నీళ్ళు దిగి, పంపుతో మళ్ళీ పైకి వెళ్ళే కింది తొట్టి) ఉన్న అక్వేరియంకు అడ్వాన్సు ఇవ్వబోయేవాళ్ళు కాస్త ఆగండి. "గ్లాసుకు కన్నం పెడితే బలం పోతాదన్నా, ఇది వెనక తగిలిస్తే చాలు" అని, నీళ్ళను సంప్‌లోకి దింపే ఓవర్‌ఫ్లో బాక్సు చూపించి షాపులో చెప్పి ఉంటే మరీ ఆగండి. నాకూ ఇదే మాట చెప్పారు.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకు, స్టాండు, కింద సంప్, పంపు, పైపులు, ఫిట్టింగ్ కూలీ అన్నీ ఒకే షాపులో తీసుకున్నాను. షాపు పేరు రాయడం లేదు. ఈ బాక్సు చాలాచోట్ల దొరుకుతుంది కాబట్టి సరుకును గుర్తుపట్టడమే ముఖ్యం. ట్యాంకు లోపలి వైపు ఒక అక్రిలిక్ డబ్బా, బయటి వైపు ఇంకొకటి, రెండింటి మధ్యా అంచు మీదుగా బోర్లించిన యు ఆకారపు గొట్టం. బయటి డబ్బా అడుగు నుంచి పైపు సంప్‌లోకి దిగుతుంది.

మొత్తం భారం ఆ గొట్టంలోని సైఫన్ మీదే, అంటే గొట్టం నిండా నీళ్ళుంటే అవి అంచు దాటి వాటంతటవే పారడం మీదే. కరెంటు పోయినా గొట్టం రెండు మూతులూ నీళ్ళలోనే మునిగి ఉంటాయి, పంపు తిరగ్గానే మళ్ళీ అదే పారుతుంది అని షాపతను చెప్పాడు. మొదట్లో అలాగే పారింది కూడా. అతను చెప్పనిది గాలి సంగతి. గొట్టం పైవంపులో బుడగలు కొంచెం కొంచెంగా చేరుతుంటాయి. నీళ్ళు వేగంగా పారితే కొట్టుకుపోతాయి, మెల్లగా పారితే అక్కడే ఉండిపోతాయి. పంపు డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లని వేసేది ఎత్తు ఎక్కనప్పటి లెక్క. సంప్ నుంచి నాలుగడుగులు ఎక్కేసరికి ధార బాగా తగ్గుతుంది. వంపులో గాలి నిండిందా, సైఫన్ తెగిందన్నమాటే. దిగే దారి మూసుకుపోయిందని పంపుకేం తెలుసు? అది తోస్తూనే ఉంటుంది.

మా ఇంట్లో జరిగింది అదే. ఎండాకాలం రాత్రి, కరెంటు పోయి వచ్చింది, అందరం నిద్రలో ఉన్నాం. ట్యాంకులో నీటి పైన ఉన్న ఖాళీ 3 సెంటీమీటర్లు. ఈ కొలతల ట్యాంకులో ఒక సెంటీమీటరుకు సుమారు ఐదున్నర లీటర్లు పడతాయి, అంటే ఆ ఖాళీలో పట్టేది 17 లీటర్ల లోపే. సంప్‌లో పంపు ఉండే గదిలో ఉన్నది 40 లీటర్ల దాకా. మిగతాదంతా హాల్లోకి వచ్చింది, బిందె పైమాటే. కింద కడప బండలు కాబట్టి నేలకేమీ కాలేదు. స్టాండు అడుగు ప్లైవుడ్ మాత్రం ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది. పంపు నీళ్ళు లేకుండా తిరిగి కాలిపోయింది. చేపలకు ఢోకా లేదు, వాటికి నీళ్ళు ఎక్కువే అయ్యాయి! అసలు భయం వేసింది స్టాండు లోపల కింద పడుకోబెట్టిన స్పైక్ బస్టర్‌ను తడిలో చూసినప్పుడు. అది వాళ్ళు పెట్టిన చోటే. మెయిన్ ఆపాకే చెయ్యి పెట్టాను.

బాక్సు ఊడదీస్తే ఇంకో సంగతి బయటపడింది. బయటి డబ్బా అడుగున ట్యాంక్ నిపుల్‌కు (డబ్బా కన్నంలో నట్టుతో బిగించి పైపు తగిలించే ముక్క) రబ్బరు వాషర్‌ను నట్టు వైపు వేశారు. వాషర్ ఉండాల్సింది నీళ్ళ వైపు, నిపుల్ తల కింద. నట్టు వైపు ఉంటే నీళ్ళు నిపుల్ మరచుట్ల వెంబడే జారి కారతాయి. ఆ కారడం కనపడకుండా చుట్టూ సిలికాన్ పూసి పెట్టారు.

షాపుకెళ్తే సమాధానం: "కరెంటు పోతే మేమేం చేస్తాం సామీ, ఇన్వర్టర్ పెట్టుకోండి." కరెంటు పోయినా తట్టుకోవాలనే కదా ఇంత ప్లంబింగ్!

అందుకే డబ్బు పూర్తిగా ఇచ్చేముందు వాళ్ళ ఎదుటే పంపు స్విచ్చు ఆపించండి. నీళ్ళు దిగడం ఆగాక సంప్ అంచు దాటలేదని చూసి, మళ్ళీ వేయించండి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత దిగే పైపు మూతిని గుడ్డతో మూసి పంపు నడపమనండి. సంప్ గది ఖాళీ అయ్యేవరకు తోసినా ట్యాంకు పొర్లకూడదు. దీనికి ఒప్పుకోని షాపులో కొనొద్దు.

కన్నం పెట్టించుకోవడమే మేలు. టఫెండ్ గ్లాసుకు (వేడిచేసి గట్టిపరిచిన గాజు) మాత్రం కుదరదు, డ్రిల్లు పెడితే ముక్కలైపోతుంది. మామూలు గ్లాసుకు ట్యాంకు అతికించక ముందే, డైమండ్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ, అంచుకు దూరంగా పెడతారు. పైపులు రెండు ఉండాలి. ఒకటి గేట్ వాల్వ్‌తో నిండుగా పారేది. రెండోది కొంచెం ఎత్తులో ఖాళీగా ఉండి, మొదటిది మూసుకుపోతే పనికొచ్చేది. రెండోదానికి వాల్వ్ పెట్టనివ్వకండి. పంపు తోసే నీళ్ళన్నీ అదొక్కటే దించగలగాలి.

సంప్ నుంచి నీళ్ళు పైకి తెచ్చే పైపు మూతి ట్యాంకులో ఎంత లోతులో ఉందో కూడా చూడండి. 10 సెంటీమీటర్ల లోతులో ఉంటే కరెంటు పోగానే 55 లీటర్ల దాకా వెనక్కి సంప్‌లోకి దిగొచ్చు. నీటిమట్టానికి కాస్త కింద ఆ పైపుకు చిన్న రంధ్రం ఉంటే గాలి పీల్చి ఆగిపోతుంది. రంధ్రంలో నాచు, ఉప్పు చేరకుండా అప్పుడప్పుడు పుల్లతో పొడవాలి. చెక్ వాల్వ్ (నీళ్ళు వెనక్కి పారకుండా ఆపేది) ఉందిలే అంటే నమ్మొద్దు, దానికీ చెత్త పట్టి సరిగా మూసుకోదు.

బిల్లు లేకుండా కొనకండి. అందులో ఓవర్‌ఫ్లో బాక్సు, ఫిట్టింగ్ విడిగా రాయించండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని కింద అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సరుకుకు అది చెల్లదు. బిల్లులో గడువేమీ లేకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వచ్చు, నేను ఇచ్చాను. బాక్సు డబ్బులు ఇస్తామని షాపువాళ్ళు ఇప్పుడు దిగొచ్చారు. పంపు, ప్లైవుడ్ సంగతి మాత్రం ఇంకా తేల్చలేదు.