గేటు లైట్లు రెండుసార్లు కొన్నాను

గేటు లైట్ల మీద రివ్యూ కొన్న వారంలో రాయకూడదండీ, ఒక వానాకాలం పోయాక రాయాలి. నేను పోయినేడు మే నెలలో రాసుంటే ఫైవ్ స్టార్ ఇచ్చేసేవాణ్ణి.

మాది బెజవాడ దగ్గర కానూరులో సొంతిల్లు. గేటు స్తంభాల మీదకి రెండు లైట్లు కావాలని గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్ళాం. గాజు డూముతో లాంతరులా ఉన్న జత మా ఆవిడకి తెగ నచ్చేసింది. వానకి ఆగుతాయా అంటే "అన్నీ వాటర్‌ప్రూఫే సార్" అన్నాడాయన. జూలైలో నాలుగు గట్టి వానలు పడేసరికి గాజు లోపల ఆవిరి పట్టింది, అడుగున వేలెడు ఎత్తున ఉసిళ్ళ రెక్కలు పేరుకున్నాయి, ఒక లైటు మిణుకుమిణుకుమంటూ పోయింది. తీసుకెళ్తే "నీళ్ళు దిగితే వారంటీ రాదు సార్" అన్నారు. బయట పెట్టే లైటు మీద నీళ్ళు పడక పాలు పడతాయా?

అప్పుడు చూశాను అట్టపెట్టె మీద ఐపీ 44 అని. దుమ్ముకీ నీళ్ళకీ లైటు ఎంత ఆగుతుందో చెప్పే గుర్తది. రెండో అంకె నీళ్ళ గురించి. 4 అంటే చిందే నీళ్ళకి ఆగుతుంది, 5 అంటే పైపుతో కొట్టినా ఆగుతుంది. వరండా కప్పు కింద 44 చాలు. ఏ నీడా లేని స్తంభం మీద, ఈదురుగాలితో అడ్డంగా కొట్టే వానకి 65 ఉండాల్సిందే. తప్పంతా షాపువాళ్ళదే అనను, మా పాత ఎలక్ట్రీషియన్ వైరుని పైనుంచి తిన్నగా దించేశాడు, నీళ్ళు వైరు పట్టుకుని లోపలికి నడిచొచ్చాయి. కొత్తతను వైరుని కిందికి వంపు తిప్పి అడుగునుంచి ఎక్కించాడు, ఇప్పుడు ఆ వంపు దగ్గరే చుక్కలు రాలిపోతున్నాయి.

రెండో జత ఐపీ 65, అల్యూమినియం బాడీ, 12 వాట్లు, 3000 కె అంటే పసుపు వెలుగు. ఈ రంగు విషయంలో మాత్రం మొండిగా ఉండండి. అంతకుముందు వాకిట్లో 6500 కె తెల్ల ఫ్లడ్‌లైటు ఉండేది, 50 వాట్లు. తొలకరి పడితే చాలు ఊళ్ళో పురుగులన్నీ దాని దగ్గరే, వాటి కోసం బల్లులు, అన్నం పళ్ళెం పట్టుకుని వరండాలో కూర్చునే వీల్లేదు. పైగా పక్కింటి పిన్నిగారు "బాబూ, మీ లైటు మా మంచం మీదే పడుకుంటోంది" అన్నారు. పసుపుకి పురుగులు రావని కాదు, బాగా తగ్గాయి. కరెంటు అంటారా, రెండూ రోజుకి అయిదు గంటలు వెలిగితే నెలకి నాలుగు యూనిట్ల లోపే.

పక్క సందులో సెన్సర్ లైటు కూడా పెట్టించాను. అది మన ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా పసిగట్టి వెలుగుతుంది. డిసెంబరులో ప్రహరీ మీద పిల్లి నడిచినా వెలిగేది. మే నెల బెజవాడలో రాత్రి తొమ్మిదింటికి కూడా గోడలు కాలుతుంటే మనిషికీ గోడకీ తేడా ఏం తెలుస్తుంది పాపం, చెయ్యి ఊపితే గానీ వెలగదు. అందుకని దానికి పక్కన మామూలు స్విచ్ కూడా ఉంచుకోండి. డాబా మీది సోలార్ లైటు గురించి చెప్పడానికేం లేదు, మబ్బు పట్టిన రోజు భోజనాల వేళకే ఆరిపోతుంది.

రెండో జతకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానంటే, లైటంతా బాగా చేసి స్క్రూలు మాత్రం ఇనుపవి ఇచ్చారు, మూడు నెలలకే తుప్పు కారి కొత్త సున్నం మీద ఎర్రటి చార పడింది. స్టెయిన్‌లెస్ స్టీలువి విడిగా కొని మార్పించాను, చార ఇంకా పోలేదు.