మధ్య ధరలో రోడ్ బైక్: ట్రైబన్ ఆర్‌సీ 520 కొలబద్దగా

60 వేల నుంచి 1.25 లక్షల రూపాయల వరకు పెట్టి రోడ్ బైక్, అంటే చదునైన రోడ్ల మీద వేగంగా తొక్కే సైకిల్, కొనదలచినవారిలో చాలామంది దుకాణంలో మొదట చూసేది గేర్ల సెట్ మీద ఉన్న పేరు, ఆ వెంటనే అడిగేది బరువు. ఆ రెండింటినీ చివరికి ఉంచి, సైజు, బ్రేకులు, ఫ్రేములో టైరుకు ఉన్న చోటు, కొండ ఎక్కడానికి మిగిలే తేలిక గేరు అనే నాలుగింటిని ముందు తేల్చుకోవాలని నా అభిప్రాయం. డెకథ్లాన్ వారి ట్రైబన్ ఆర్‌సీ 520 మీద విశాఖపట్నం బీచ్ రోడ్డులో, భీమిలి దారిలో, సింహాచలం కొండ వైపు ఎండల్లోనూ వానల్లోనూ తొక్కిన తర్వాత ఆ అభిప్రాయం మరింత గట్టిపడింది. అందుచేత ఈ ఒక్క సైకిలును దగ్గరగా పరిశీలిస్తూ, మిగతావాటిని అవసరమైన చోట దాని పక్కన పెట్టి చూస్తాను.

ఆర్‌సీ 520 అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) ఉన్న సైకిల్. గేర్లు మార్చే లీవర్లు, చైనును ఒక పళ్ళచక్రం మీంచి మరోదాని మీదికి జరిపే ముందు వెనుక డిరైలర్లు గేర్ల తయారీ సంస్థ షిమనో వారి 105 శ్రేణిలోని, వెనుక 11 గేర్లున్న రకం. ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనుక 11 నుంచి 32 పళ్ళ వరకు ఉన్న పళ్ళచక్రాల గుత్తి (క్యాసెట్), 28 మిల్లీమీటర్ల టైర్లు, టీఆర్‌పీ సంస్థ వారి హెచ్‌వై/ఆర్‌డీ రకం డిస్క్ బ్రేకులు ఇందులో ఉన్నాయి. ధరను అదుపులో ఉంచడానికి తయారీదారులు 105 సెట్‌ను పూర్తిగా ఇవ్వలేదు. క్యాసెట్ మైక్రోషిఫ్ట్ వారిది, పెడళ్ళు బిగించే క్రాంకు షిమనోలోనే కింది తరగతికి చెందిన ఆర్ఎస్510. ఈ పొదుపును నేను తప్పుపట్టను. క్యాసెట్, చైన్ ఎలాగూ అరిగిపోయి మార్చవలసిన భాగాలు. లీవరూ డిరైలరూ ఏళ్ళ తరబడి నిలవవలసినవి. డబ్బు పెట్టవలసిన చోట పెట్టి, తగ్గించదగిన చోట తగ్గించారు.

సైజు విషయంలో దుకాణాలు సాధారణంగా ఎత్తు ఒక్కటే అడిగి సైకిల్ చేతికిస్తాయి. అది చాలదు. ప్రతి తయారీ సంస్థా ప్రకటించే పట్టికలో స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు ఉంటాయి. స్టాక్ అంటే పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైఅంచు దాకా నిలువు ఎత్తు, రీచ్ అంటే అదే ఇరుసు నుంచి ముందుకు ఆ పైఅంచు దాకా ఉన్న అడ్డ దూరం. ట్రెక్ సంస్థ సైకిళ్ళనే ఉదాహరణగా తీసుకుంటే, సౌకర్యంగా దూరాలు తొక్కడానికి ఉద్దేశించిన డొమేన్‌లో 54 సైజుకు స్టాక్ సుమారు 575, రీచ్ సుమారు 374 మిల్లీమీటర్లు. పోటీలకు ఉద్దేశించిన ఎమోండాలో అదే 54 సైజుకు స్టాక్ సుమారు 541, రీచ్ సుమారు 384. సైజు అంకె ఒక్కటే అయినా డొమేన్‌పై హ్యాండిల్ మూడు సెంటీమీటర్లకు పైగా ఎత్తులో, ఒక సెంటీమీటరు దగ్గరగా ఉంటుందన్నమాట. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, ఉదయం రెండు గంటలు తొక్కేవారి నడుముకు, మెడకు ఈ మూడు సెంటీమీటర్లే అన్నిటికన్నా పెద్ద తేడా. ఆర్‌సీ 520 డొమేన్ తరహాది; నడుమును మరీ వంచకుండా కూర్చోనిస్తుంది, చేతుల మీద భారం తక్కువగా పడుతుంది. వేగం మీద ఆశ ఉన్న కుర్రవాళ్ళకు ఇది కాస్త నిటారుగా అనిపించవచ్చు గాని, హ్యాండిల్ కింద ఉన్న స్పేసర్లు (ఎత్తు పెంచే ఉంగరాలు) తీసి దించుకునే వీలుంది. పొడుగు సైకిల్ కొని దానిని పొట్టిగా చేసుకోవడానికి అంత వీలు ఉండదు. అందుకే రెండు సైజుల మధ్య ఊగిసలాడేవారు, ముఖ్యంగా మన స్త్రీలలో ఎత్తు తక్కువ ఉన్నవారు, చిన్నదానివైపు మొగ్గడం మేలు.

ఇక బ్రేకుల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ధరలో సైకిలుకూ సైకిలుకూ అసలైన అంతరం ఇక్కడే కనిపిస్తుంది. షిమనో రోడ్ గేర్లలో క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అనే నాలుగు మెట్లను కొనుగోలుదారులు తరచుగా వింటారు. వీటిలో క్లారిస్, సోరాలకు హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) లీవర్లు లేవు, టియాగ్రా నుంచే ఉన్నాయి. కాబట్టి కింది రెండు మెట్లలో డిస్క్ బ్రేకు అని రాసి ఉన్న చోట సాధారణంగా కేబుల్‌తో లాగే బ్రేకే ఉంటుంది. అందులోనూ చవక రకాలలో రోటరుకు (చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్ళేనికి) ఒక పక్కనున్న ప్యాడ్ మాత్రమే కదిలి, రోటరును వంచి రెండో ప్యాడ్‌కు ఆనిస్తుంది. అది ఆగదని కాదు, ఆగుతుంది. కాని ప్యాడ్ అరిగేకొద్దీ చేత్తో బిగించుకుంటూ ఉండాలి, పొడుగు దిగుడులో వేళ్ళు నొప్పిపుడతాయి. ఆర్‌సీ 520లోని హెచ్‌వై/ఆర్‌డీ ఈ కేబుల్ బ్రేకుకూ పూర్తి హైడ్రాలిక్ బ్రేకుకూ మధ్యస్థమైన ఏర్పాటు. లీవరు నుంచి చక్రం దాకా కేబులే వస్తుంది, అక్కడ ప్యాడ్లుండే కాలిపర్ లోపల నూనె ఒత్తిడి రెండు ప్యాడ్లనూ సమంగా నొక్కుతుంది, అరుగుదలను కూడా తనంతట తానే సరిచూసుకుంటుంది. కొండ దిగుతూ వాన పడిన మలుపులో ఒక వేలితో నెమ్మదిగా వేగం తగ్గించుకోగలగడం ఎంత ధైర్యాన్నిస్తుందో తొక్కినవారికే తెలుస్తుంది. పూర్తి హైడ్రాలిక్ బ్రేకుకున్న మృదుత్వం దీనికి లేదు, కేబుల్ తొడుగు నాసిరకమైతే లీవరు మెత్తగా దిగిపోతుంది. నొక్కుకుపోని గట్టి తొడుగు వేయించుకుంటే ఆ లోపం చాలావరకు పోతుంది. చక్రపు అంచును (రిమ్మును) నొక్కి ఆపే రిమ్ బ్రేకు సైకిలును పొడి నేలల్లో తొక్కేవారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. తీరప్రాంతపు వానల్లో ఇసుక, బురద కలిసి రిమ్మునే అరగదీస్తాయి గనుక ఇక్కడివారికి నేను సూచించను.

గేర్ల సంఖ్య మీద జరిగే వాదనను కొంచెం లెక్కతో తేల్చుకోవచ్చు. 11 నుంచి 32 పళ్ళ క్యాసెట్‌నే తీసుకుందాం. 8 గేర్ల రకంలో పళ్ళ వరుస 11, 13, 15, 18, 21, 24, 28, 32. 9 గేర్లలో 11, 12, 14, 16, 18, 21, 24, 28, 32. 11 గేర్లలో 11, 12, 13, 14, 16, 18, 20, 22, 25, 28, 32. ముందు 50 పళ్ళ మీద నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పేవారు వెనుక 18 మీద గంటకు సుమారు 28 కిలోమీటర్లు, 16 మీద సుమారు 32, 15 మీద సుమారు 34 వెళతారు. రుషికొండ దాటాక సముద్రపు ఎదురుగాలిలో 30 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలనుకుంటే, 8 గేర్ల సైకిల్ మీద 18 తేలికైపోతుంది, 15 బరువైపోతుంది. మధ్యలో ఏమీ లేదు. 9 గేర్లకు వచ్చేసరికి 16 దొరుకుతుంది, ఇబ్బంది తీరుతుంది. 9 నుంచి 11కు వెళితే ఆ చోట కొత్తగా వచ్చేదేమీ లేదు. కొండ ఎక్కేటప్పుడు 21, 24కు బదులు 20, 22, 25 ఉండటం హాయిగా ఉంటుంది, అంతే. అందుచేత 8 గేర్ల క్లారిస్‌కూ 9 గేర్ల సోరాకూ మధ్య కొన్ని వేలు ఎక్కువ పెట్టడం న్యాయమే. సోరా నుంచి 105కు గేర్ల సంఖ్య కోసమే వెళ్ళనక్కరలేదు, మంచి బ్రేకులు వెంట వస్తుంటే వెళ్ళవచ్చు. ఆర్‌సీ 520 విషయంలో అలాగే వస్తున్నాయి.

తేలిక గేరు సంగతి. 34 మీద 32 వేసుకుని నిమిషానికి 70 సార్లు తిప్పితే గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కవచ్చు. అదే క్యాసెట్ 28తో ఆగిపోతే ఆ వేగం దాదాపు 11 ఉండాలి, లేదా కాళ్ళు నెమ్మదించి మోకాళ్ళ మీద భారం పడాలి. సింహాచలం ఎక్కుడులోనైనా, హైదరాబాదు వారికి పరిచయమైన వికారాబాద్ అనంతగిరి దారిలోనైనా, అరకు ఘాట్‌లోనైనా ఈ ఒకటిన్నర కిలోమీటరు తేడాయే దిగి నడిపించుకోవడానికీ కూర్చుని ఎక్కడానికీ మధ్య ఉన్న దూరం. అటు పెద్ద గేరు కొరత మాత్రం ఎవరికీ రాదు. 50 మీద 11తో 90 సార్లు తిప్పితే గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది.

బరువును క్లుప్తంగా ముగిస్తాను. ఆర్‌సీ 520 మధ్యస్థ సైజులో 10 కిలోలు దాటుతుంది, చక్రాలే అందులో బరువైన భాగం, నిలుచున్న చోటు నుంచి వేగం అందుకోవడంలో అది తెలుస్తుంది. అయితే మనిషి, సైకిలు, నీళ్ళు కలిపి 82 కిలోలనుకుంటే ఒక కిలో తగ్గడం వల్ల అరగంట ఎక్కుడులో మిగిలేది 20 సెకన్లకు కాస్త పైన. పోటీల్లో పాల్గొనేవారికి అది విలువైనదే, తక్కినవారు ఆ కిలో కోసం వేలు పోయడంలో అర్థం లేదు.

టైర్లకు ఉన్న చోటు మాత్రం మన రోడ్ల మీద అమూల్యం. వరుసగా వేసిన తెల్లటి రంబుల్ పట్టీలు, సిమెంటు రోడ్డు అతుకులు, ఊరి మొదట్లో రంగు కూడా లేని స్పీడ్ బ్రేకర్లు, వీటన్నిటి మీదా 25 మిల్లీమీటర్ల టైరుతో వెళ్ళడం చేతులకు శిక్ష. ఆర్‌సీ 520లో 32 మిల్లీమీటర్ల టైరు నిశ్చింతగా పడుతుంది. 70 కిలోల మనిషి 28 టైరులో 75 పీఎస్ఐ దరిదాపుల్లో, 32లో 60 దగ్గర గాలి ఉంచుకుంటే సరిపోతుంది. వందకు పైగా కొట్టించుకునే పాత అలవాటు కుదుపును పెంచుతుందే తప్ప వేగాన్ని పెంచదు. జెయింట్ వారి కంటెండ్ ఏఆర్ ఈ విషయంలో ఇంకా ఉదారం, 38 మిల్లీమీటర్ల వరకు పడుతుంది. పైగా దాని సీటు కింది గొట్టం వెనుకభాగం చదునుగా ఉండి కుదుపును కొంత మింగుతుంది. గతుకుల రోడ్లే ఎక్కువగా తొక్కే జిల్లాలవారు ఆర్‌సీ 520 కన్నా ముందు కంటెండ్ ఏఆర్‌ను తొక్కి చూడాలని చెబుతాను. దీనికి భిన్నంగా, హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాకు మీదనే తొక్కేవారికి ఇంత వెడల్పు, ఇంత బ్రేకు అవసరం లేదు. ట్రైబన్‌లోనే కింది తరగతి ఆర్‌సీ 120తో సంతోషంగా గడపవచ్చు.

గాలి గురించి ఒక మాట ఎవరూ ముందుగా చెప్పరు. ఈ సైకిళ్ళ ట్యూబులకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది. పెట్రోల్ బంకులోని గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకుంటే బంకులోనైనా, స్కూటర్ల పంక్చరు షాపులోనైనా పని జరుగుతుంది. హైవే అంచున రాలే లారీ టైర్ల సన్నని తీగముక్కలు, పొలాల దారుల్లో తుమ్మముళ్ళు పంక్చర్లకు ప్రధాన కారణాలు గనుక రెండు ట్యూబులు, టైరు లీవర్లు, చేతిపంపు తప్పనిసరి.

సముద్రం దగ్గర ఉండేవారు ఉప్పు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. అల్యూమినియం ఫ్రేము తుప్పు పట్టదని ధీమాగా ఉంటాం. కాని చెమట, ఉప్పు హ్యాండిల్ టేపు కిందికి దిగి లోహాన్ని తింటాయి, సీటు గొట్టం ఫ్రేములో కరుచుకుపోతుంది. ఏడాదికోసారి టేపు విప్పి చూడటం, సీటు గొట్టానికి గ్రీజు రాయడం, బీచ్ రోడ్డు నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడిగి చైనుకు నూనె వేయడం చాలు. 11 గేర్ల చైన్ పలచనిది, ఖరీదైనది. కొలిచే పరికరంలో సాగుదల 0.5 శాతం చూపగానే మార్చాలి. 8, 9 గేర్ల చైన్లు 0.75 దాకా ఆగుతాయి. నిర్వహణ ఖర్చు తక్కువ ఉండాలనుకునేవారికి సోరా వైపు మొగ్గడానికి ఇది కూడా గట్టి కారణం.

ధర విషయంలో, సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చీటీ ఉన్న సైకిల్ దగ్గర ఈ సంగతి అడగడానికి మొహమాటపడవద్దు. హెల్మెట్, లైట్లు, పంపు, పెడల్స్, బూట్ల కోసం సైకిల్ ధరలో కనీసం పదో వంతు పక్కన పెట్టుకోవాలి. ఆడాక్స్ ఇండియా వారి బ్రెవేలకు (గడువులోపు ముగించవలసిన సుదూర సైకిల్ ప్రయాణాలకు) వెళ్ళే ఉద్దేశం ఉంటే ఇది మరీ ముఖ్యం. 200 కిలోమీటర్లకు 13.5 గంటలు, 300కు 20 గంటలు గడువు. రాత్రి తొక్కవలసి వస్తుంది కాబట్టి ముందు వెనుక లైట్లు, మెరిసే జాకెట్ ఉండాలి. ఫ్రేముకు మడ్‌గార్డులు, క్యారియర్ బిగించే మరలు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌సీ 520 దొరికితే నేను సందేహించకుండా చూడమంటాను. కార్బన్ ఫోర్కు మీద, ముఖ్యంగా పైభాగం దగ్గర, గీతో పగులో ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి. చక్రాన్ని ఎత్తి తిప్పితే రోటరు ఒకే చోట రాసుకోకూడదు, లీవరు హ్యాండిల్‌ను తాకేదాకా దిగకూడదు. చైన్ కొలవనివ్వని అమ్మకందారు దగ్గర క్యాసెట్, చైన్ రెండింటి ఖర్చూ ధరలోంచి తగ్గించి బేరమాడాలి. ట్రెక్, జెయింట్ వంటి సంస్థలు ఫ్రేముకు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి యజమానికే వర్తిస్తుంది గనుక, వాటిని చేయి మారాక కొనేవారు ఆ వారంటీకి విలువ కట్టి అదనంగా ఇవ్వవలసిన పనిలేదు.