‘21 రోజుల్లో బటర్‌ఫ్లై’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఈ వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే ఈత క్లాసుల పాంప్లెట్ తిరుగుతోంది. "పెద్దవాళ్లకు ప్రత్యేక బ్యాచ్, 21 రోజుల్లో బటర్‌ఫ్లై, రాకపోతే డబ్బు వాపస్." పోయిన ఏడాది మార్చిలో ఈ మాట నమ్మి 18,000 రూపాయలు ఒకేసారి కట్టాను. ఈత రాలేదు, డబ్బూ రాలేదు. కుడి భుజం మూడు నెలలు పని చేయకుండా పోయింది. హైదరాబాద్‌లో ఎండాకాలం బ్యాచ్‌లు మొదలవుతున్నాయి, ఇంకొకరు పడకముందే చెప్పాలని రాస్తున్నాను.

నాకు ఈత కొత్త కాదు. నల్లగొండ దగ్గర మా ఊళ్లో వ్యవసాయ బావిలో నడుముకు బెండు కట్టి మా చిన్నాయన నేర్పాడు. నీళ్లంటే భయం లేదు. కానీ రెండు చేతులూ ఒక్కసారే నీళ్ల మీద నుంచి లేచి ముందుకు పడే ఆ బటర్‌ఫ్లై ఈత నేర్చుకోవాలని చిన్నప్పుడు టీవీలో ఒలింపిక్స్ చూసిన నాటి నుంచీ కోరిక. నలభై మూడేళ్లు వచ్చాక ఇద్దరు ముగ్గుర్ని అడిగితే "ఈ వయసులో ఎందుకు సార్" అన్నారు. ఈ పాంప్లెట్ వేసిన పూల్‌లో మాత్రం "ఎందుకు రాదన్నా, గ్యారంటీ" అన్నారు. ఆ ఒక్క మాటకే డబ్బు కట్టేశాను.

మొదటి రోజే గమనించాల్సినవి ఉన్నాయి. పాంప్లెట్‌లో పూల్ 25 మీటర్లని రాశారు. గట్టు మీద అడుగులు వేసి చూస్తే 18 మీటర్లు కూడా లేదు. లోతు మూడున్నర అడుగులు. బటర్‌ఫ్లైలో ఒళ్లంతా పైకీ కిందికీ అలలా కదలాలి, అంత తక్కువ లోతులో కాలివేళ్లు గచ్చుకు గీసుకునేవి. పైగా పక్కన పిల్లల బ్యాచ్. చేతులు చాపితే ఎవరో ఒకరి తల తగిలేది.

రెండో రోజు కోచ్ నా చేతులకు ప్యాడిల్స్ (నీటిని ఎక్కువగా తోయడానికి అరచేతులకు తొడిగే ప్లాస్టిక్ పలకలు) తొడిగాడు. నడుము, ఛాతీ ఎలా కదలాలో, కాళ్లు ఎప్పుడు కొట్టాలో ఒక్క ముక్క చెప్పలేదు. "చేతులే మెయిన్ అన్నా, గట్టిగ గుంజు" అన్నాడు. నేను కాళ్లతో బ్రెస్ట్ స్ట్రోక్‌లా కప్ప ఈత కొడుతూ, బలమంతా భుజాల మీద పెట్టి చేతులు విసురుతున్నాను. అది తప్పని చెప్పేవాళ్లు లేరు. వారం తిరిగేసరికి ఆ కోచ్ వెళ్లిపోయి ఇంకో కుర్రాడు వచ్చాడు. అతను పిల్లల బ్యాచ్ చూసుకుంటూ మధ్యమధ్యలో గట్టు మీద నుంచి "ఇంకో పది" అని అరిచేవాడు.

ఎనిమిదో రోజు భుజం ముందు వైపు సన్నగా గుచ్చినట్టయింది. చెప్పాను. "నొప్పి లేకుంట బటర్‌ఫ్లై వస్తదా అన్నా? పడాలె" అన్నాడు. అది విని ఇంకో నాలుగు రోజులు కొట్టడం నేను చేసిన పెద్ద తప్పు. పన్నెండో రోజు రాత్రి కుడి పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. తెల్లారి చొక్కా చెయ్యి తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. అటక మీది స్టీలు డబ్బా అందుకోబోతే చెయ్యి భుజం ఎత్తు దాటి లేవలేదు.

ఎముకల డాక్టరు చూసి, చెయ్యి పైకెత్తే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి స్నాయువు వాచిందన్నారు. భుజం పైన ఎముక కింద సందు చాలా ఇరుకు. చెయ్యి ఎత్తి తిప్పిన ప్రతిసారీ ఆ స్నాయువు అక్కడ నలుగుతుంది. దానికి ఇంకా బలపడని భుజం, ప్యాడిల్స్ వల్ల పడిన అదనపు భారం, తప్పు పద్ధతి తోడయ్యాయి. ఆరు వారాలు చెయ్యి తల పైకి ఎత్తొద్దన్నారు. ఆ తర్వాత ఫిజియోథెరపీ. వాటి ఖర్చు ఫీజును దాటిపోయింది.

డబ్బు అడిగితే మేనేజర్ రసీదు వెనక్కి తిప్పి చూపించాడు. చిన్న అక్షరాల్లో "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. పాంప్లెట్ మీది గ్యారంటీ సంగతేంటంటే "అది 21 రోజులూ వచ్చినవాళ్లకు సార్, మీరు పన్నెండు రోజులే వచ్చారు" అన్నాడు. చివరికి వచ్చే ఎండాకాలం బ్యాచ్‌లో సర్దుతామన్నారు. మళ్లీ ఆ నీళ్లలో దిగే ప్రసక్తే లేదని చెప్పి వచ్చేశాను.

భుజం నయమయ్యాక వేరే పూల్‌లో, ఎన్నో ఏళ్లుగా ఈత నేర్పుతున్న ఒక పెద్దాయన దగ్గర చేరాను. అసలు పాఠం ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. మొదటి నెల నన్ను చేతులు కదపనివ్వలేదు. చేతులు ఒంటికి ఆనించి, ఛాతీ నీళ్లలోకి నొక్కడం, నడుము పైకి తేలడం, ఆ అల కాళ్ల దాకా పాకడం, అంతే. తర్వాత చిన్న ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) ఇచ్చారు. ఆ తర్వాత ఒక్క చేత్తో. రెండు చేతులు కలిపింది మూడో నెలలో, అదీ నాలుగైదు స్ట్రోక్‌లకే ఆపించేవారు.

ఒక్కో స్ట్రోక్‌కు కాళ్లు రెండుసార్లు కొట్టాలని అప్పుడే తెలిసింది. చేతులు ముందు నీళ్లలో పడేటప్పుడు ఒకటి, తొడల దగ్గర నీటిని వెనక్కి తోసేటప్పుడు ఇంకొకటి. ఆ రెండో దెబ్బే చేతుల్ని నీళ్ల నుంచి బయటికి లేపుతుంది. అది లేకపోతే ఆ పని మొత్తం భుజం చెయ్యాలి. ఊపిరికి గడ్డం నీటి మీద ఆనించినట్టు ఉంచితే చాలు, తల ఎత్తకూడదు. చేతులు ముందుకు పడకముందే ముఖం నీళ్లలోకి వెళ్లిపోవాలి.

ఆయనే చెప్పారు: ఈ ఈత బ్రెస్ట్ స్ట్రోక్ నుంచి పుట్టింది. 1930ల్లో చేతుల్ని నీళ్ల పైనుంచి విసరడం మొదలైనా చాలామంది కాళ్లతో కప్ప ఈతే కొట్టేవారు. 1952లో నిబంధనల్లో దాన్ని వేరే ఈతగా విడదీశారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మొదటిసారి విడిగా పోటీ పెట్టారు. నేను 18,000 కట్టి నేర్చుకున్నది ఆ పాత అతుకుల ఈతేనన్నమాట. అయిదో నెలలో 25 మీటర్లు ఆగకుండా, నొప్పి లేకుండా కొట్టాను. పెద్దవాళ్లకు రాదన్నది అబద్ధం. 21 రోజుల్లో వస్తుందన్నది అంతకన్నా పెద్ద అబద్ధం.

కాబట్టి ఎక్కడ చేరినా ముందు ఒక్క క్లాసుకే డబ్బు ఇస్తామనండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. కోచ్ పేరు, అతని సర్టిఫికెట్ చూపించమనండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా వేరు, ఆరు వారాల కోర్సు వేరు, లైఫ్‌గార్డ్ కార్డు వేరు. నేను ఏదీ అడగలేదు. మొదటి వారంలోనే చేతులకు ప్యాడిల్స్ తొడిగితే ఇక ఆ పూల్ మెట్లు ఎక్కి బయటికి రండి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు పాంప్లెట్ ఫొటో, రసీదు, చెల్లింపు వివరాలు, డాక్టర్ చీటీ దాచిపెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. లోపమున్న సేవకు డబ్బు తిరిగి ఇవ్వననడాన్ని ఆ చట్టం అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందే లెక్కేస్తుంది. నేను 1915కు ఫోన్ చేసి చెప్పాను, పూల్ వాళ్లు సగం ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. ఇప్పుడు కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

పోయిన ఏడాది మార్చి బ్యాచ్‌లో నాతో పాటు భుజం పట్టేసిందని మధ్యలో మానేసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. వాళ్ల నంబర్లు తీసుకోలేదు. మీరు ఇది చదువుతుంటే ఒక్క మెసేజ్ పెట్టండి, అప్పటి పాంప్లెట్ నా దగ్గర భద్రంగా ఉంది.